నడక గదిలో పియానో

మంచం నుంచి తలుపు దాకా ఉన్న దారిలో సగం కూడా రాకుండానే అతని భార్య ఆగిపోయింది. ఎడమ చేత్తో బీరువా అంచు పట్టుకుని, కంప్యూటరు వైపు తల తిప్పి మొహం చిట్లించింది.

"ఏం, కాలు నొప్పా?" అన్నాడు అతను, ఆమె నడకకి పియానో వాయిస్తున్న కీబోర్డు మీంచి చేతులు తియ్యకుండానే.

ఆమె తల అడ్డంగా ఊపింది. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయినప్పటినుంచీ ఆమె దగ్గర మిగిలిన మాటలు కొన్నే. అవసరం వచ్చినప్పుడు వాటిని వెతుక్కుని, నోట్లో కూడదీసుకుని, బయటికి తోయాలి.

"రే... కు," అంది.

అతనికి చురుక్కుమంది. రేకు డబ్బా మీద గరిటెతో కొట్టినట్టే ఉంది, కాదనడానికి లేదు. అతను ఆ పడగ్గది మూలలోనే, బయటి చప్పుడు రాకుండా కిటికీకి బొంత కట్టుకుని, ఫర్నిచరు షాపుల ప్రకటనలకీ, ఫోనులో ఆగమన్నప్పుడు వినిపించే సంగీతానికీ ట్యూన్లు కట్టి అమ్ముతాడు. మాటల వెనకాల ఏదో ఒకటి మోగుతుంటే చాలనే వాళ్లే అతని గిరాకీలంతా. అతని సాఫ్ట్‌వేర్‌లో పియానో అని పేరు రాసి ఉన్నది నిజంగా పియానోలా ఉందా అని ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు ఇంట్లో మనిషే అడిగింది, అదీ ఒక్క ముక్కలో.

చికిత్స కేంద్రంలో ఆమె పియానో తాళానికి నడుస్తుంది. అక్కడ వాయిస్తుంటే కుడికాలు కూడా తన వంతు వచ్చినట్టు లేస్తుంది. ఇంట్లో కూడా అలాగే అలవాటు చెయ్యమని ఫిజియో అమ్మాయి చెప్పింది. అక్కడి పియానోకి నడిచే మనిషి ఇక్కడి పియానోకి నడవలేకపోతోందంటే లోపం పియానోదే. శబ్దాలతో బతికేవాడు కాబట్టి అతనికి అంతకన్నా వేరే ఆలోచన రాలేదు.

ఆ పూటంతా ఇంటర్నెట్‌లో పియానోలు వెతికాడు. నిజమైన వాటిలా మోగేవి లేకపోలేదు. పెద్ద పెద్ద హాళ్లలోని పియానోలను రికార్డు చేసి అమ్ముతున్నారు. ధర చూసి ఆ పేజీని మర్యాదగా మూసేశాడు. ఊరికే వచ్చేవాటిలో ఒకటి నూతిలోంచి మోగినట్టుంది. ఇంకొకటి బాగుందనుకునేలోపు, నన్ను కొనుక్కో అని గుర్తుచేస్తూ మధ్యమధ్యలో కీచుమంది. అందరూ మెచ్చుకున్న మూడోది దిగడానికే చాలాసేపు పట్టింది, దిగాక అతని పాత కంప్యూటరు దాన్ని మొయ్యలేక బిగుసుకుపోయింది. భార్య మంచం మీద కూర్చుని వింటూ, బండి దగ్గర పుచ్చు వంకాయలు ఏరి పక్కన పడేసినట్టు, ఒక్కోదాన్నీ ఎడమ చేత్తో తోసేస్తూ వచ్చింది.

"వ్యాను నడిపిన రోజుల్లో హారన్ గురించి నీకింత పట్టింపు లేదు కదే," అన్నాడు.

ఆమె నవ్వింది. నవ్వు ఎడమ పక్కకే విచ్చుకుంది. స్కూలు వ్యాను నడిపేటప్పుడు ఆమె హారన్ కొడితే వీధి మొత్తం గేట్ల దగ్గరికొచ్చేది.

*

కేంద్రంలో దాన్ని నడక గది అంటారు. పొడుగాటి గది మధ్యలో నడుం ఎత్తున రెండు ఇనప కమ్మీలు, వాటి మధ్య అరిగిపోయిన రబ్బరు పట్టా, గోడవారగా పాత నిలువు పియానో. దాని ముందు పియానో పిన్ని. అరవై దాటిన మనిషి. గదిలో అందరికీ పిన్నే, ఆమెకన్నా పెద్దవాడైన దర్జీ తాతకి కూడా.

ఆమె వాయించేటప్పుడు మీటల వైపు చూడదు. మెడ పక్కకి తిప్పి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, కమ్మీల మధ్యకే చూస్తుంది. ఏళ్ల తరబడి అలా చూసి చూసి ఆ మెడ మామూలప్పుడు కూడా కాస్త కుడివైపు తిరిగే ఉంటుంది. బుగ్గన ఎప్పుడూ ఓ పిప్పరమెంటు.

"డ్రైవరమ్మా, బ్రేకు మీంచి కాలు తియ్యి. బండి కదలాలి. ఆఁ, అదీ. ఎదురుగా లారీలేం లేవు, రా."

భార్య కుడికాలు లేచింది. కాస్త వంకరగా, కాస్త ఆలస్యంగా, కానీ లేచింది. అతను గోడ పక్క కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని ఆ పియానోనే వింటున్నాడు. మధ్యలో ఒక మీట కొద్దిగా బొంగురు. కింది మీటలు చెక్కలోంచి కాక నేలలోంచి వస్తున్నట్టున్నాయి. దీన్నే ఇంటికి తీసుకుపోతే? ఆ ఆలోచన రాగానే కళ్లు తెరిచాడు.

నడక అయ్యాక పిన్ని దగ్గరికెళ్లి, మొహమాటపడుతూనే అడిగాడు. విని ఆమె పిప్పరమెంటు ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చుకుంది.

"పాట కాదా? ఒక్కో మీటా విడివిడిగానా?"

"అవును పిన్నీ. ఒక్కోదాన్నీ మెల్లగా ఒకసారి, మధ్యరకంగా ఒకసారి, గట్టిగా ఒకసారి. ప్రతిసారీ శబ్దం పూర్తిగా చచ్చేదాకా ఆగాలి. తర్వాత నేను కంప్యూటర్లో వాటిని మీటలకి అతికిస్తాను. నా కీబోర్డు మీద మీ పియానో మోగుతుంది."

"అంటే నా చేత అప్పడాలు లెక్కపెట్టిస్తావన్నమాట. నువ్వే కొట్టుకోవచ్చుగా, చేతుల్లేవా?"

"నేను కొడితే ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడుతుంది. మీ చెయ్యి సమంగా ఉంటుంది."

"ఎవరికిది?"

"మా ఆవిడకి. ఇంట్లో నడవడానికి."

కమ్మీల చివర కూర్చుని చెప్పు తొడుక్కోవడానికి తంటాలు పడుతున్న అతని భార్య వైపు పిన్ని చూసింది. "డ్రైవరమ్మ కోసమైతే కాదంటానా," అంది.

భోజనాల వేళ గది ఖాళీ అవుతుంది. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, పియానో వెనక చెక్క విప్పి అతను రెండు మైకులు పెట్టేవాడు. పిన్ని మీట నొక్కి, వేలు దాని మీదే ఉంచి, ఊపిరి బిగబట్టేది. శబ్దం సన్నబడి, ఇంకా సన్నబడి, ఉందో లేదో తెలియని చోటికి వెళ్లేదాకా ఇద్దరూ బొమ్మల్లా ఉండేవాళ్లు. అతను వేలెత్తితే ఆమె మళ్లీ నొక్కేది. చెమట కణతల మీంచి గడ్డం దాకా కారినా తుడుచుకునేది కాదు. చీర కదిలితే మైకులో పడుతుంది. ఒకసారి, అంతా అయిపోతుందనగా, ఆమె కడుపు గుర్రుమంది.

"అది కూడా అతికించు," అంది. ఇద్దరూ కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆ మీట మళ్లీ కొట్టాల్సి వచ్చింది.

రెండు మూడు మధ్యాహ్నాలు అలా గడిచాయి. ఆఖరి మీట అయ్యాక పిన్ని వేళ్లు విరుచుకుని, "ఇన్నేళ్లుగా దీని ముందు కూర్చున్నాను గాని, ఒక్కోదాన్నీ ఇంతసేపు ఎప్పుడూ వినలేదయ్యా," అంది. ఇంకేదో అడగబోయినట్టు నోరు తెరిచి, పిప్పరమెంటు కోసం సంచీలో చెయ్యి పెట్టింది.

*

ఇంట్లో ఆ ముక్కల్ని కోసి, మొదళ్లు సరిచేసి, ఒక్కోటీ దాని మీటకి తగిలించాడు. బొంగురు మీటని కొంచెం సాఫు చేశాడు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే కొన్ని శబ్దాల తోకల్లో ఆమె ఊపిరి వదలడం వినిపించింది, వాటినీ కత్తిరించాడు.

భార్యని నిలబెట్టి, కీబోర్డు ముందు కూర్చుని, మొదటి మీట నొక్కాడు. ఆమె కనుబొమ్మలు పైకి లేచాయి. అటూ ఇటూ చూసింది, పిన్ని గదిలో ఎక్కడో ఉన్నట్టు. తర్వాత నడిచింది. అతను తల పూర్తిగా ఆమె మొహం వైపు తిప్పి, నోరు తెరుచుకుని, ఆమె తడబడితే తానూ తడబడుతూ, ఆమె కుదురుకుంటే కుదురుకుంటూ వాయించాడు. బీరువా దాటింది. తలుపు చేరింది. తలుపు గొళ్లాన్ని పట్టుకుని వెనక్కి తిరిగి చూసింది.

"దొరికిందే! దొరికింది!" అన్నాడు. దొరికింది శబ్దమేనని అతని నమ్మకం.

ఆ సంతోషం దాచుకోలేకపోయాడు. మర్నాడు కేంద్రంలో పిన్ని ఇంకా రాకముందు ఫిజియో అమ్మాయికి చిన్న స్పీకర్లో వినిపించాడు. ఆమె వీపు తిప్పి నిలబడి విని, "నిజంగా మన పియానోయే వాయిస్తున్నారనుకున్నా మ్యూజిక్ సార్!" అంది. ఆ గొంతు విని కేంద్రం మేనేజరు తలుపు దగ్గర ఆగాడు.

"ఏదీ, మళ్లీ ఒకసారి పెట్టండి."

విన్నాడు. మెల్లగా నడిచేవాళ్లకొకటి, మామూలుగా నడిచేవాళ్లకొకటి, చురుగ్గా నడిచేవాళ్లకొకటి చొప్పున స్పీకర్లో పెట్టుకునే ట్యూన్లు చేసి ఇవ్వగలరా అని అడిగాడు. అతను పిన్ని స్టూలు వైపు చూశాడు. మేనేజరు తలుపు దగ్గరగా వేసి, "మీ ఆవిడకిచ్చిన చికిత్స గడువు ఈ నెలతో అయిపోతోంది కదండీ," అన్నాడు.

"అవునండీ. పొడిగించమని రాసిచ్చాను."

"బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారో మీకు తెలుసు. అయినా చూద్దాం. అది నా చేతిలో పనే."

"మరి పిన్ని..."

"ఆవిడకి ఒంట్లో బాగోలేని రోజు గది మూసేస్తున్నాం. రోగులు ఉత్తి చేతులతో వెనక్కి పోతున్నారు. అలాంటప్పుడు అక్కరకొస్తుంది, అంతే."

అతను ఆ మాటని పట్టుకున్నాడు. పట్టుకోవడానికి వీలుగా అందించిన మాటేనని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది. ఇంటికెళ్లి మూడూ తయారుచేశాడు. తప్పులు లేకుండా, తాళం ఎక్కడా జారకుండా, చాలా శ్రద్ధగా చేశాడు.

*

ఆ తర్వాతి వారం వాళ్లు వెళ్లేసరికి పియానో మీద దుప్పటి కప్పి ఉంది. దాన్ని మూలకి నెట్టి, ఆ జాగాలో తొక్కే సైకిలొకటి పెట్టారు. దుప్పటి మీద స్పీకరు. పిన్ని స్టూలు మీద ఫైళ్లు.

"పిన్ని సెలవా?" అన్నాడు.

ఫిజియో అమ్మాయి పట్టా మడత సరిచేస్తూ, "మానేశారు సార్," అంది. ఆ మడతని కాలితో అదిమి, "మాన్పించారు," అంది.

దర్జీ తాత కమ్మీల మధ్య ఉన్నాడు. ఆయనది వేరే జబ్బు. చేతులు వణుకుతాయి, అడుగులు చీమల్లా చిన్నవి, తిరగాల్సిన చోట కాళ్లు నేలకి అంటుకుపోతాయి. మెల్లగా నడిచేవాళ్ల ట్యూను పెట్టారు. తాత దాన్ని అందుకుని బాగానే వెళ్లాడు. కమ్మీల చివర తిరగబోతూ ఆగాడు. ట్యూను ఆగలేదు. తాత తల ఎత్తి, పియానో ఉండాల్సిన వైపు, అలవాటుగా, ఎవరో ఏదో అంటారన్నట్టు చూశాడు. అక్కడ సైకిలుంది. ట్యూను ముందుకి పోతోంది. దాన్ని అందుకోవాలని ఆయన ఒంటిని ముందుకి తోశాడు. కాళ్లు రాలేదు.

ఇనప కమ్మీకి తుంటి తగిలిన చప్పుడు, ఆ తర్వాత ఆయన పడిన చప్పుడు. తాత అరవలేదు. "అయ్యో, అయ్యో," అన్నాడు, ఏదో ఒలకబోసినవాడిలా. ఫిజియో అమ్మాయి పరుగెత్తింది. ఎవరో స్ట్రెచరు కోసం వెళ్లారు. ఇదంతా జరుగుతున్నంతసేపూ పియానో మోగుతూనే ఉంది. ఆపాలని ఎవరికీ తోచలేదు. చివరికి అతనే వెళ్లి ఆపాడు.

వెనక్కి తిరిగితే చక్రాల కుర్చీలోంచి భార్య అతన్నే చూస్తోంది. ఆ ట్యూను ఇంట్లో ఎవరు, ఎలా తయారుచేశారో ఆమెకి చెప్పక్కర్లేదు.

తాతకి తుంటి ఎముక విరిగిందని సాయంత్రానికి తెలిసింది. ఆ వయసులో విరిగితే ఇక మంచమేనని తాత పక్కింటాయన ఫోనులో అన్నాడు. ఇంట్లో అతను మామూలుగా నడిచేవాళ్ల ట్యూను పెట్టి భార్యని నిలబెట్టాడు. ఆమె రెండడుగులు వేసి వెనకబడింది. శబ్దం అదే, ఒక్క ఊపిరి తేడా లేదు. అతను ఆపేసి కీబోర్డు ముందు కూర్చోబోతే, ఆమె అప్పటికే మంచం మీదికి ఒరిగి గోడవైపు తిరిగింది.

*

పిన్ని ఉండేది మార్కెట్టు వెనక మేడ మీద ఒక గదిలో. తలుపు తెరిచి, లోపలికి రమ్మనలేదు, వెళ్లమనీ అనలేదు. తానే వెనక్కి జరిగింది. గదిలో మంచం, స్టవ్వు, ఆరేసిన రెండు చీరలు. చిన్న పియానో కూడా పట్టదు. బుగ్గన పిప్పరమెంటు లేక ఆమె మొహం చిక్కిపోయినట్టుంది.

"కూర్చో. టీ పెట్టనా?"

"వద్దు పిన్నీ."

"తాత ఎలా ఉన్నాడు?"

"ఆపరేషన్ చెయ్యాలంటున్నారు."

"మలుపు దగ్గరేనా?"

"మలుపు దగ్గరే."

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "అక్కడ కొంచెం ఆగేదాన్ని," అంది. "కట్టింగ్ టేబులు చుట్టూ తిరుగుతున్నావు తాతా, కత్తెర అటు పక్కనుంది అనేదాన్ని. తిరిగేవాడు."

"నాకు తెలీదు పిన్నీ. మీరు రాని రోజుకి మాత్రమే అన్నారు."

"నాకూ వినిపించాడు మేనేజరు. కూర్చోబెట్టి మరీ." ఆమె గొంతు పెంచలేదు. "బాగా చేశావు. ఆ బొంగురు మీట కూడా బాగుపడింది. అది నా చెయ్యేనని నాకు తెలుస్తూనే ఉంది. నా చెయ్యే నన్ను బయటికి తోస్తుంటే ఏమనాలో తోచలేదు. లేచి వచ్చేశాను."

"నేను మాట్లాడతాను. మిమ్మల్ని మళ్లీ పిలవమని..."

"ఏమని మాట్లాడతావు? డ్రైవరమ్మ గడువు పొడిగించాడా?"

అతను తల దించుకున్నాడు. ఆమెకి ఎవరు చెప్పారో అడగలేదు.

"పొడిగించనీలే," అంది పిన్ని. "ఆ పిల్లకి నడక రావాలి. నువ్వు నాకొక్కటి చెయ్యి. ఆ పియానోని ఇంకెవరికీ ఇవ్వకు. ఇక్కడితో ఆపు."

"ఒట్టు పిన్నీ. ఇవ్వను. ఇచ్చింది కూడా వెనక్కి తీసుకుంటాను."

ఆమె తలుపు దాకా వచ్చింది. అతను మెట్లు దిగుతుంటే పైనుంచి, "నడిచేటప్పుడు డ్రైవరమ్మ కాలు చూస్తున్నావా?" అని అడిగింది. అతను వెనక్కి తిరిగేలోపు తలుపు గడియ పడింది.

*

మర్నాడు భార్యని ఫిజియో అమ్మాయి దగ్గర వదిలి తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"ఆ ట్యూన్లు నాకు తిరిగి ఇచ్చేయండి. వాటి వల్లే తాత పడ్డాడు."

"ఆయన వయసు వల్ల పడ్డాడండీ. పియానో ఉన్నప్పుడు మాత్రం ఎవరూ పడలేదా?" మేనేజరు కసురుకోలేదు. కుర్చీ చూపించాడు. "పైగా ఇప్పుడు నేనివ్వాలన్నా వీల్లేదు. పైవాళ్లకి వినిపిస్తే చాలా నచ్చింది. మా మిగతా కేంద్రాలన్నిటికీ పంపించేశారు. నిన్నటినుంచీ అక్కడ కూడా అవే."

"అక్కడ కూడా పియానో వాయించేవాళ్లు ఉండేవారా?"

మేనేజరు ఆ ప్రశ్న విననట్టు ఒక కాగితం అతని ముందుకి జరిపాడు. "మీ ఆవిడ గడువు పొడిగింపు. నేను సంతకం పెట్టేశాను. మీరూ పెట్టండి."

అతను కలం తీసుకున్నాడు. పెట్టాలా వద్దా అని అనుకోలేదు. ఆమె కుడికాలు గుర్తొచ్చింది, పెట్టేశాడు. ఆ కాగితం పట్టుకునే నడక గదికి వచ్చాడు.

భార్య కమ్మీల మొదట్లో నిలబడి ఉంది. ఫిజియో అమ్మాయి స్పీకరు మీట మీద వేలు పెట్టి, "రెడీనా అక్కా?" అంటోంది. భార్య కమ్మీ మీంచి ఎడమ చెయ్యి తీసి, ఎత్తి, ఆగమంది. పెదాలు కదిలాయి. మెడ నరాలు తేలాయి. గదిలో సైకిలు తొక్కుతున్న మనిషి కూడా తొక్కడం ఆపాడు.

"నేను... ఇక్కడ... నడవను."

"అబ్బ! పూర్తి వాక్యం!" ఫిజియో అమ్మాయి చప్పట్లు కొట్టింది. "విన్నారా సార్? మొదటిసారి పూర్తి..." ఆ వాక్యంలో ఏముందో అప్పుడు చెవికెక్కింది. చేతులు అలాగే ఉండిపోయాయి.

"అలా అనకే," అన్నాడు అతను. కాగితం చూపించాడు. "ఇంకా ఎన్నో రోజులున్నాయి మనకి. కష్టపడి తెచ్చాను."

ఆమె కాగితం వైపు చూడలేదు. దుప్పటి కప్పిన పియానోని చూసింది, అతన్ని చూసింది, అదే మాట మళ్లీ చెప్పే శక్తి లేక తల మాత్రం అడ్డంగా ఊపింది. బతిమాలాడు. ఫిజియో అమ్మాయీ బతిమాలింది. మేనేజరు వచ్చి, నిజంగానే బాధపడుతున్నట్టు, "ఇష్టం లేకపోతే బలవంతం లేదండీ. మరి ఈ జాగా ఇంకొకరికి ఇచ్చేస్తాం," అన్నాడు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఒకరిని పిలిచారు.

అతను చక్రాల కుర్చీ తెచ్చాడు. ఆమె దాన్ని మోచేత్తో పక్కకి నెట్టి, గోడ పట్టుకుని, నడవాలోకి అడుగు వేసింది. అతను ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెనకే నడిచాడు. చేతులకి వాయించే పనిలేక, చెవులకి వినే పనిలేక, మొదటిసారి ఆమె పాదాన్ని చూశాడు. చెప్పు ముందుభాగం ఒక పక్క అరిగిపోయి ఉంది. మడమ లేచే ముందు మోకాలు చిన్నగా వణుకుతుంది. ఆ వణుకు అయ్యాకే కాలు వస్తుంది. ఇన్నాళ్లూ ఆ గదిలో కూర్చుని అతను ఇది చూడలేదు.

నడవాలో సగం దూరం వెళ్లారో లేదో, వెనక తలుపులోంచి పియానో మొదలైంది. ఎవరో కొత్త మనిషి కమ్మీల మధ్యకి వచ్చి ఉంటాడు. మామూలుగా నడిచేవాళ్లది. పిన్ని చెయ్యి, సమంగా, శుభ్రంగా.

భార్య కుడికాలు దానంతటదే ఆ తాళానికి లేవబోయింది. ఆమె తొడ మీద ఎడమ చేత్తో గట్టిగా కొట్టుకుని దాన్ని ఆపింది. మళ్లీ లేవబోయింది. గోడకి వీపు ఆనించి, రెండు పాదాలూ నేలకి అదిమిపెట్టి నిలబడిపోయింది. నర్సులు, బక్కెట్లు, ట్రాలీలు వాళ్లని తప్పుకుంటూ పోతున్నాయి.

"కుర్చీలో కూర్చో," అన్నాడు మెల్లగా. "తోసుకెళ్తాను."

తల అడ్డంగా ఊపింది. తలుపు వైపు వేలు చూపించి, అది అవనీ, అన్నట్టు అరచెయ్యి ఆడించింది. కళ్లు మూసుకుని, పాట అయిపోవడం కోసం ఓపిగ్గా ఎదురుచూడసాగింది.

మాటిమాటికీ మీట నొక్కే పని ఎవరికీ లేకుండా, చివర వచ్చి మొదట్లో కలిసిపోయేలా, అతుకు ఎక్కడుందో ఎంత చెవిగలవాడికీ తెలియకుండా చేశాడు దాన్ని. ఆమె అలా నిలబడి ఉంటే, అది అవదని ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.